ఐలా ఫెన్విక్ తొలి నవల

"నా పుస్తకాల పీక నొక్కింది నువ్వే, గ్రాంట్! వాటంతట అవి చావలేదు. నువ్వు చంపావు."

ఎల్నోరా హాగన్ అరుపు షాపు చివరిదాకా వినిపించింది. కుర్చీలు వేస్తున్న బెవ్ కోస్కీ చేతులు ఆగిపోయాయి. అమెరికా ఉత్తరాన డులూత్ ఊళ్లో ఆ పుస్తకాల షాపు బెవ్‌దే. ఇంకాసేపట్లో ఎల్నోరా అక్కడ తన కొత్త నవల రాతప్రతి చదవాలి. వినడానికి ఆమె ఎడిటర్ గ్రాంట్ విట్లాక్ న్యూయార్క్ నుంచి దిగాడు. మంచు బూట్లు కూడా తెచ్చుకోలేదు. సాక్సులు తడిసి ముద్దయ్యాయి.

"మెల్లగా, ఎల్నోరా. జనం వచ్చే వేళయింది," అన్నాడు గ్రాంట్.

"రానీ! అమ్ముడుపోలేదని నాలుగు నవలల్ని గుజ్జు చేసే మిల్లుకి తోలావు. ఐదోదాన్ని అచ్చే వెయ్యనంటున్నావు. అసలు చదివావా?"

"చదివాను. ఈమధ్య నేను చదివిన వాటిలో ఇదే గొప్పది. కానీ షాపులవాళ్లు చదివి తెప్పిస్తారా? మీ పేరు కంప్యూటర్లో కొడతారు. కిందటిది ఎన్ని ప్రతులు అమ్ముడైందో చూస్తారు. అందులో సగం తెప్పిస్తారు. ఆ సగంలోనూ సగం వెనక్కి పంపేస్తారు. మీ పేరు చచ్చిపోయింది. నన్నేం చెయ్యమంటారు?"

"ఎంత చల్లగా చెప్పావు నాయనా! ఇన్నేళ్లు రాయడం కన్నా నిన్న పుట్టడం మేలన్నమాట."

గ్రాంట్ తలుపు పక్కనున్న బల్ల వైపు చూశాడు.

ఆ బల్ల నిండా గ్రాంట్ అచ్చేసిన ఐలా ఫెన్విక్ తొలి నవల గుట్టలుగా పేర్చి ఉంది. వెనక అట్ట మీద ఉన్ని టోపీ పెట్టుకున్న అమ్మాయి సరస్సు వైపు తిరిగి నిలబడి ఉంది. ముఖం కనబడదు. ఐలా సభలకు రాదు, ఎవరితోనూ మాట్లాడదు. అందుకే జనానికి మరీ ముద్దు. ఈ పుస్తకాల వ్యాపారానికి ఎప్పుడూ తొలి నవలే కావాలి. తొలి నవల రాసిన మనిషి మిగతా జన్మంతా ఏం చెయ్యాలో ఎవడికీ పట్టదు.

బెవ్ కాఫీ కప్పు తెచ్చి ఎల్నోరా చేతిలో పెట్టింది.

"ఆ పిల్ల మీద నీకింత కడుపుమంట ఎందుకే? రోజూ వస్తావు. ఆ బల్ల దగ్గర నిలబడి అట్టలు నిమురుతావు. ఒక్కటీ కొనవు. నీ సొమ్మేమైనా తిందా?"

"నా సొమ్మే తింటోంది."

"చాల్లే. కాఫీ తాగి గొంతు సవరించుకో."

ఇంతలో బూట్ల మంచు దులుపుకుంటూ బుక్ క్లబ్ ఆడవాళ్లు వచ్చారు. వాళ్లందరికీ పెద్ద దిక్కు మార్సీ డ్యుబే. హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైంది. వస్తూనే నిమ్మకాయ కేకు ముక్కల డబ్బా బల్ల మీద పెట్టి, ఐలా పుస్తకం ఒకటి చంకలో పెట్టుకుంది.

"ఈ నెల మేం చదువుతున్నది ఇదే ఎల్నోరా గారూ. ఇందులో మొగుడు పోయిన మర్నాడు రెండో కప్పు కడగాలా వద్దా అని ఆవిడ సింకు దగ్గర నిలబడిపోతుందే, అక్కడ భోరున ఏడ్చాననుకోండి. నిండా పాతికేళ్లు లేని పిల్లకి ఇవన్నీ ఎలా తెలుసో!"

"ఎవరినో పోగొట్టుకునుంటుంది," అంది ఎల్నోరా.

"మీవారూ పోయారు కదా. మరి మీరు ఇలాంటిది ఒక్క ముక్క రాయగలిగారా?"

ఎల్నోరా కాఫీ పక్కన పెట్టి లేచింది. చదవడం మొదలుపెట్టింది.

"ఆయన బూట్లు తలుపు దగ్గరే ఉన్నాయి. వంగి మంచు దులపబోయాను. ఎవరూ తొడగని బూట్లకి మంచు ఎక్కడిది?"

"ఆగండి!" మార్సీ కుర్చీలోంచి లేచింది. చంకలోని పుస్తకం తీసి గబగబా పేజీలు తిప్పింది. "ఇది వినండమ్మా అందరూ. 'కాఫీ చల్లారిపోయింది. ఎవరూ తాగని కాఫీ చల్లారితే ఎవరికి నష్టం?' అదే విరుపు, అదే ఊపు! ముప్పై ఏళ్లు పిల్లల పేపర్లు దిద్దాను. కాపీ వాసన నాకు గుమ్మంలోనే తెలిసిపోతుంది."

"కాపీయా?" ఎల్నోరా చేతిలో కాగితాలు కిందికి దించింది.

"మరేమిటి? ఆ పసిదాని కష్టం దోచుకుంటారా? ఇవాళే మా క్లబ్ పేజీలో పెడతాను. ఇక మీ పుస్తకం ఎవరు అచ్చేస్తారో చూస్తాను."

"పాపం, తనవి అమ్ముడుపోక..." అంది వెనకనుంచి ఒకావిడ. ఇంకొకావిడ కిసుక్కున నవ్వింది.

ఎల్నోరా ఎడిటర్ వైపు తిరిగింది. "నువ్వు చెప్పు, గ్రాంట్. నేను దొంగనా?"

గ్రాంట్ తన తడి బూట్లు చూసుకున్నాడు. "అబ్బే, దొంగతనం అని కాదు... ఒకరి ప్రభావం ఒకరి మీద పడుతూనే ఉంటుంది..." అని నసిగాడు. దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు. "గొడవ చెయ్యనని మాటిచ్చారు. మర్చిపోకండి."

బెవ్ వచ్చి ఎల్నోరా చేతిలోని కాగితాలు మెల్లగా లాక్కుంది. చిన్నప్పటినుంచీ ఎరిగిన బెవ్. ఆమె కూడా ముఖంలోకి చూడలేకపోయింది.

"కోటు వేసుకో ఎల్నోరా. ఇంటికి పో. ఇవాళ్టికి ఆపేద్దాం."

ఎల్నోరా కోటు వేసుకుంది. తలుపు దాకా నడిచింది. అందరూ వెళ్లిపోతుందనుకున్నారు. ఆమె బల్ల మీదనుంచి ఐలా పుస్తకం ఒకటి తీసింది. చింపేస్తుందేమోనని మార్సీ కెవ్వుమంది. ఎల్నోరా చింపలేదు. తిన్నగా వచ్చి దాన్ని గ్రాంట్ గుండెకేసి నొక్కి పట్టింది.

"ఐలా ఫెన్విక్ నేనేనని వీళ్లకి చెప్పు!"