మెడ దగ్గరి పట్టీలు

వెంకటరాయప్ప తన పథకానికి తగిన పామునే ఎంచుకున్నాడు. నల్లని ఒంటిపై తెల్లని పట్టీలు. చూసినవారెవరైనా కట్లపామనుకొని హడలిపోతారు. అయితే కట్లపాముకు మెడ దిగువన కొంత మేర నున్నగా ఉండి, ఆ తరువాతనే పట్టీలు మొదలవుతాయి. దీనికి మెడ దగ్గరి నుంచే ఉన్నాయి. అనగా, విషం లేనిది.

బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లోని ఒక అపార్ట్‌మెంటులో ఆనాడు కిరణ్మయి, అభిజిత్ దంపతుల గృహప్రవేశం. కూరగాయల బుట్టలో పాము పైనున్న వారి ఫ్లాటుకు వెళ్ళింది. అతిథులందరూ కారిడార్‌లోకి వచ్చిపడ్డారు. పాములు పట్టేవాడి వేషంలో, ఇనుప కొక్కెంతో వెంకటరాయప్ప ప్రవేశించాడు.

“ఎవరూ లోపలికి రావద్దండప్పా. తలుపేసుకుంటా, లేకుంటే మీ కాళ్ళ కిందికే వస్తాది.”

పట్టుకునేటప్పుడు పాము అతని బొటనవేలిని కొరికింది. అతడు నవ్వుకున్నాడు. బీరువాలోని నగలను, పూజలోని వెండి సామానును సంచిలో సర్ది, పైన పామును వేసి మూతి బిగించాడు. పామున్న సంచిని విప్పి చూపమని ఎవరడుగుతారు?

జనం గోడలకు అతుక్కుపోయి దారి ఇచ్చారు. ఉదయం నుంచి వచ్చినవారందరినీ ఆప్యాయంగా పలకరిస్తున్న పట్టుచీర పెద్దావిడ, సత్యభామ, మాత్రం అతనితోపాటు లిఫ్ట్ ఎక్కింది.

“వేలికి ఆ రక్తమేమిటి నాయనా?”

“రవ్వంత కొరికిందమ్మా. నొప్పేమీ లేదు.”

“కట్లపాము కాటుకు నొప్పి ఉండదు. అదే దాని మర్యాద.”

“ఇది కట్లపాము కాదులేమ్మా. మెడకాడి నుంచే పట్టీలుండాయి. నేను ఏరికోరి తె...” అతడు నాలుక కరచుకున్నాడు.

ఆవిడ సంచి మూతిని సడలించి, కళ్ళజోడు సవరించుకొని, తాపీగా లోపలికి చూసింది. వెంకటరాయప్ప సంచిని వెనక్కి లాక్కోబోయాడు. వెండి కనబడిందా?

“మెడ నున్నగా ఉన్నదే,” అన్నది ఆవిడ. “నీవు చెప్పే పాము ఇంకా వంటింట్లోనే ఉన్నట్లుంది. ఇది వేరొకటి.”

లిఫ్ట్ తలుపు తెరుచుకోవడమే ఆలస్యం, అతడు సంచిని అక్కడే వదిలి, “ఆసుపత్రి, ఆసుపత్రి” అని గొణుక్కుంటూ గేటు దాటి పరుగెత్తాడు.

సత్యభామ పామును మృదువుగా తీసి పూలమొక్కలలో విడిచిపెట్టింది. పట్టీలు మెడ దగ్గరి నుంచే ఉన్నాయి.

పైన బాల్కనీలో కిరణ్మయి భర్త భుజం తట్టింది. “చూడు, మీ పెద్దమ్మగారు ఆ పాము సంచితో ఒక్కరే ఆటో ఎక్కుతున్నారు. ఎంత ధైర్యమో.”

అభిజిత్ తొంగిచూశాడు. “మా పెద్దమ్మేమిటి? పొద్దుటి నుంచీ ఆవిడ మీ వాళ్ళే అనుకుంటున్నాను.”