నూరుసార్లు విన్న పాట

"ఈ బ్రిటిష్ గాయకుడు పోయి ముప్పై ఏండ్లాయ నాయనా. ఇంకా ఎంత పేరుండాదో నెట్‌లో లెక్కగట్టే పని మాది," అంది జయంతి లాప్‌టాప్ చూస్తూ. "ధర్మవరంలో ఒక ఫోనులో దినామూ ఆయన పాట ఒకటే నూరుసార్లు పాడతాండాది. అది నీ ఫోనే! మనిషి అట్ల వినడు, మెషీనని రాయమంటాడు మా సారు. రాస్తే కంపెనీ వాళ్లు ఆ ఫోనును బ్లాక్ చేస్తారు, నీకు పాట ఆగిపోతాది."

మగ్గం గుంతలో కూర్చుని నేస్తున్న కుళ్లాయప్ప చేయి ఆగింది.

"రాయొద్దమ్మా."

"ఇంగ్లీషు పాట నీకేం అర్థమైతాదప్పా?"

"ఒక్క ముక్కా కాదు. ఆ డ్రమ్ము దెబ్బ మీ అమ్మ మగ్గం దెబ్బ మాదిరే పడతాది. అది లేకుంటే ఈ గుంతలో పొద్దుగూకేదాకా ఒక్కన్నే కూర్చోలేను."

రెండేండ్లుగా ఖాళీగా ఉన్న, పక్కనే ఉన్న అమ్మ గుంతను జయంతి చూసింది. సారుకు ఫోన్ చేసింది.

"మెషీన్ కాదు సార్. మా నాయన."