లిటాగో గంట

గడ్డంవాడొకడు కొండమీది వేసవిపాక గుమ్మంలో నిలబడి, పాలు కావాలని దోసిలి పట్టి సైగ చేశాడు.

రాండి తలుపు గడియ వేసేసింది.

"అదేంటత్తా? వేసవిపాకకి వచ్చినవాణ్ని పాలివ్వకుండా పంపకూడదంటావుగా?" అంది మేనకోడలు సినోవె.

"మనిషైతే ఇస్తాం. పేరు లేదు, మాట లేదు. వాడి చూపంతా ఆవుల మీదే ఉంది, చూళ్ళేదూ?"

వాడు కాసేపు నిలబడి, పైమేత బీడు వైపు వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నానికి పొగమంచు దిగింది. చెయ్యి చాపితే వేళ్ళు కనబడటం లేదు.

పదిహేను ఆవులూ పైమేతలోనే ఉన్నాయి. దాని పక్కనే కొండ నిలువుగా తెగిపోయి ఉంటుంది. కింద కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపాయ, ఫ్యోర్డు ఒడ్డునున్న మూడిళ్ళకూ చలికాలమంతా తిండి ఆ ఆవులే.

రాండి కొమ్ము ఊదింది. సినోవె గొంతు పోయేలా పిలిచింది.

"ఏడవకే. మన పెద్దావు లిటాగో గంట వినబడుతోందిగా. అది ఎటు నడిస్తే మందంతా అటే."

"అదే అంచు వైపు నడిస్తేనో?"

"నీ నోట్లో మన్ను పడ!"

గంట ఆగిపోయింది.

ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు.

చాలాసేపటికి మళ్ళీ మోగింది. దగ్గరికొస్తోంది.

"అత్తా... అది లిటాగో నడక కాదు. రెండు కాళ్ళ నడక."

మంచులోంచి వాడొచ్చాడు. మెడలో లిటాగో గంట. దాని తోలు పట్టెడ నిండా నెత్తురు.

"చంపేశాడే! బంగారంలాంటి ఆవుని కోసేశాడే!" రాండి రాయి విసిరింది. వాడి భుజానికి తగిలింది.

వాడు గంట తీసి దడికి తగిలించి, పక్కకి తప్పుకున్నాడు.

వాడి వెనకే ఆవులు ఒక్కొక్కటిగా లోపలికొచ్చాయి. పద్నాలుగు.

"అత్తా, వాడు వెళ్ళిపోతున్నాడు!"

"పోనీవే. ముందు గడియ వెయ్యి."

మర్నాడు మంచు విడిచింది. పాక చుట్టూ వాడి జాడ ఎక్కడా లేదు.

పైమేత అంచు దాకా గిట్టల గుర్తులున్నాయి. అక్కణ్నుంచి వెనక్కి తిరిగాయి.

కింద రాతిపలక మీద లిటాగో పడి ఉంది. ఇద్దరూ చుట్టుదారిన దిగి వెళ్ళారు.

మెడ విరిగింది. సినోవె దాని ఒళ్ళంతా తడిమింది. గాటు లేదు. ఒక్క చుక్క నెత్తురు లేదు.

"మరి పట్టెడ మీద నెత్తురు ఎవరిదత్తా?"

రాండి తలెత్తి చూస్తోంది.

నిలువు బండ మీద, అంచు నుంచి ఆవు పడిన చోటు దాకా, చెయ్యి ఆనిన ప్రతి పగులు దగ్గరా ఎర్రటి వేళ్ళ గుర్తులున్నాయి.