చీడాపీడా లేని షెడ్డు

పొద్దున్నే లేచి ఇస్తారి షెడ్డు కడిగాడు. కడిగిందే మళ్లీ కడిగాడు. ఆ రోజు ఖతీజా మేడమ్ వస్తోంది.

మస్కట్‌లో సూపర్‌మార్కెట్లకు మాంసం పంపే కంపెనీలో కొనుగోళ్లన్నీ ఆవిడ చేతిలోనే ఉంటాయి. ఆవిడ సంతకం పెడితే ఖురియాత్ శివార్లలోని ఈ దూడల ఫారం నిలబడుతుంది. పెట్టకపోతే గేటుకు తాళం, ఇస్తారి వీసా క్యాన్సిల్, జగిత్యాల బస్సు.

ఇస్తారికి ఈ డ్యూటీ వదులుకోవాలని లేదు. ఏళ్ల తరబడి సైట్లలో సిమెంటు బస్తాలు మోసిన వీపుకి ఈ ఉద్యోగం అత్తారిల్లు.

"పశువులు పొడుస్తయేమో, పైలం" అని ఫోన్లో యాదవ్వ పోరు. కట్టుకున్నది కదా, భయం ఉంటుంది.

"వచ్చి ఏడాదైంది, ఒక్కటి కొమ్ము విసరలే."

"కోతకు పంపే దూడలను మేపుడు పాపం గాదా మరి?"

"ఇప్పటిదాంక నా చేతుల మీదికెల్లి ఒక్కటి గూడ పోలేదే. నువ్వు రంది పెట్టుకోకు."

మేనేజరు ఫెలిక్స్‌ది భీమవరం వైపు. ఆ రోజు టై కట్టుకుని వచ్చాడు. వచ్చిన దగ్గర్నుంచీ దాన్ని వదులు చేసుకుంటూనే ఉన్నాడు.

"ఏవయ్యా ఇస్తారీ, ఆవిడ అడగనిది నువ్వు చెప్పమాక."

"అడిగింది చెప్పాల్నా సార్?"

"అదీ చూసుకుని చెప్పు."

ఖతీజా కారు దిగి ముక్కు ఎగబీల్చింది. చేతిరుమాలు తీయబోయి ఆగిపోయింది. ఆవిడకు హిందీ బాగా వచ్చు. ఇస్తారికి వచ్చినంత వచ్చు.

"పక్క ఫారం దగ్గర కారు అద్దం దించలేకపోయాను. ఇక్కడ వాసనే లేదు."

"దినాం కడుగుతం మేడమ్."

"ఈగలు కూడా లేవు."

"రానియ్యం."

ఆఫీసు గదిలో ఇస్తారి ఖర్జూరాలు పెట్టి, కహ్వా పోశాడు. ఆవిడ నేరుగా విషయంలోకి వచ్చింది.

"మా కస్టమర్లు మునుపటిలా లేరు. జాతి మంచిదై ఉండాలంటున్నారు. మందులు వాడకూడదంటున్నారు. మీ దగ్గర పరిస్థితి ఏమిటి?"

"నాసిరకం దూడ ఒక్కటి కూడా మా గేటు దాటి లోపలికి రాలేదు మేడమ్" అన్నాడు ఫెలిక్స్.

"సూదులు?"

"ఇంతవరకూ ఒక్కటీ వేయలేదు."

"గాలికుంటు?"

"మా షెడ్డులో ఆ పేరే వినపడదు. పని లేక మా పశువుల డాక్టరు లావెక్కిపోతున్నాడు."

"జూన్ ఎండలకి ఎన్ని పోయాయి?"

"ఒక్కటీ పోలేదు."

"బరువు ఎలా ఉంటోంది?"

"తగ్గిన దాఖలా ఒక్కటి లేదు మేడమ్."

ఖతీజా పెన్ను తీసింది. తన సర్వీసులో ఇన్ని ఫారాలు తిరిగింది, దగ్గూ తుమ్మూ లేని ఫారం ఇదొక్కటే. కాగితం మీద పెన్ను ఆనించి, మళ్లీ ఎత్తింది.

"ఒక్కసారి దూడల్ని చూసి పెడతాను."

"బయటి చెప్పులతో రోగాలొస్తాయండీ, లోపలికి ఎవర్నీ పంపం" అన్నాడు ఫెలిక్స్.

ఆవిడ బ్యాగులోంచి ప్లాస్టిక్ తొడుగులు తీసి కాళ్లకు వేసుకుంది. ముక్కుకు మాస్కు కట్టుకుంది. గుమ్మం ముందున్న మందునీళ్ల తొట్టిలో, చెప్పకముందే, రెండు కాళ్లూ ముంచింది. ఫెలిక్స్ దగ్గర సాకులు అయిపోయాయి. ఆకాశం వైపు చూశాడు. అక్కడ ఆయన చూసేది వాతావరణం కోసం కాదు.

షెడ్డు తలుపు దగ్గర ఇస్తారి చీపురుతో నిలబడి ఉన్నాడు.

"ఇంత నిశ్శబ్దంగా ఉందేమిటి?" అంది ఖతీజా.

"కడుపు నిండిన పశువు అరవది మేడమ్, మా దిక్కు."

"తలుపు తియ్యి."

"తీస్త మేడమ్. గని దిష్టి తాకితే నన్ననొద్దు."

ఫెలిక్స్ కళ్లు మూసుకున్నాడు.

"అంటే నా కన్ను చెడ్డదనా?"

"చెడ్డకన్నుతోని బాధ లేదు మేడమ్. మంచికన్నే తాకుతది. మా అవ్వ దేవవ్వ, నేను బువ్వ తింటుంటే మొకం అటు తిప్పుకునేది. తల్లి దిష్టి తాకినట్టు ఇంకెవ్వలది తాకదట. నరుని కంటికి నల్లరాయే పలుగుతదంటరు, దూడెంత?"

ఖతీజా తలుపు మీద చెయ్యి వేసి ఆలోచించింది. కన్ను సంగతి ఒమన్‌లో ఒకరికి ఒకరు నేర్పనక్కర్లేదు. ఆవిడ చెల్లెలి కొడుకును ఎవరో చుట్టం ముద్దుగా ఉన్నాడని అన్న సాయంత్రమే వాడికి ఒళ్లు కాలిపోయింది. అల్ ఖువైర్‌లోని తన ఆఫీసులో ఈ మాట ఎవరితోనూ అనలేదు గానీ, ఇంట్లో మాత్రం ఆ చుట్టాన్ని మళ్లీ పిలవలేదు.

చెయ్యి వెనక్కి తీసుకుంది. మూసి ఉన్న తలుపు వైపే తిరిగి, తన కన్ను తగలకుండా, మెల్లగా, "మాషా అల్లా" అంది.

తర్వాత కారు బానెట్ మీద కాగితాలు పరిచి సంతకాలు పెట్టింది. వచ్చే బక్రీదుకు మొదటి లోడు. కారెక్కబోతూ ఫెలిక్స్‌ను పిలిచి, "వాటి ఫోటోలు కూడా ఎవరికీ పంపకండి" అని జాగ్రత్త చెప్పింది.

కారు దుమ్ము అణిగేదాకా ఇద్దరూ కదల్లేదు. ఫెలిక్స్ మేత బస్తా మీద కూలబడి, టై విప్పి, దాంతోనే మొహం తుడుచుకున్నాడు.

"దేవునికి స్తోత్రం" అన్నాడు.

ఇస్తారి చీపురు గోడకు ఆనించి, దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి అడిగాడు: "సార్, సంతకం పడ్డది గద, ఇగనన్న మొదటి దూడను కొందమా?"