బాబాయి తద్దినం

"మీదేవూరన్నారు?"

గౌరీశంకరం ఆ మాట అడగడం పొద్దుట్నించి ఇది రెండోసారి. అరుగు మీద కూర్చున్న, గుండెల దాకా గడ్డం దిగిన గడ్డప్పంతులు కాళ్ళు కడుక్కున్న చెంబు పక్కన పెట్టేడు.

"దిండి అవతల, బాబూ."

"అవతలంటే?"

"అవతలే. రేవు దాటాక."

రేవు దాటాక బోలెడు లోకం ఉంది. అందులో ఈయనది ఏ మూలో ఏటా అడగడమే గానీ తేలింది లేదు.

ఇవాళ బాబాయి తద్దినం. బాబాయి శ్రీరామచంద్రమూర్తి రెండో యుద్ధంలో విమానాల్లో వైర్‌లెస్ పనికని వెళ్ళి, బర్మా మీద మాయమయ్యేడు. అప్పటికి గౌరీశంకరం ఉయ్యాల్లో ఉన్నాడు. పన్నెండేళ్ళు కబురు లేకపోతే, పెద్దలు దర్భలతో మనిషిని చేసి దహనం చేయించేరు. పిన్ని వెంకటరమణమ్మ బొట్టు ఆవేళే పోయింది. పిల్లల్లేరు గనక తద్దినం గౌరీశంకరం చేతిమీదే.

తద్దినానికి ఇద్దరు భోక్తలు. దేవతల స్థానంలో కూర్చుని తినేవాడు ఏడాదికొకడు మారతాడు. పోయినవాడి స్థానంలో మాత్రం ఎప్పుడూ ఈ గడ్డప్పంతులే. ఇంకెవర్ని పిలిచినా పిన్ని ఒప్పుకోదు. పోనీ ఆయన సంభావన కోసం వస్తాడా అంటే, రూపాయి ముట్టడు. డబ్బుకి రానివాడు దేనికొస్తున్నట్టు?

"ఈయనొచ్చిన్రోజున చినత్తయ్యగారి గారెలు భలే పొంగుతాయి," అంది సావిత్రి, నూతి దగ్గర.

"నోర్ముయ్," అన్నాడు గానీ, పెళ్ళాం మాటలో ముల్లు చాన్నాళ్ళుగా తనలోనూ గుచ్చుకుంటూనే ఉంది.

గౌరీశంకరం కొత్తపేట హైస్కూల్లో లెక్కల మేష్టారు. లెక్క తేలకపోతే అతనికి అన్నం సయించదు. సెలవులిస్తే చాలు, బాబాయితో పనిచేసినవాళ్ళని వెతుక్కుంటూ రైలెక్కేవాడు. మొన్న వేసవిలో విశాఖపట్నంలో బుచ్చిరాజుగారని ఒకాయన దొరికేరు. ఆ రోజుల్లో విమానాలకి మరమ్మతులు చేసిన మనిషి.

"విమానం అడవిలో పడిందండి. మనవాళ్ళెళ్ళి చూసేరు. మిగతావాళ్ళంతా దాంట్లోనే ఉన్నారు. మీ బాబాయిగారు లేరు. ఆయన పారాచూటూ లేదండి."

"అంటే దూకేడంటారా?"

"ఆయ్. దూకేరు. దూకి మళ్ళీ పటాలానికి రాలేదంటే ఏవిటో మీరే అనుకోండి. పారిపోయినవాణ్ణి ఆ రోజుల్లో ఊరికే వొదిలేవారా!"

ఆ మాట మోసుకుని ఇంటికొచ్చి పిన్నితో చెప్పేడు. గుండె పట్టుకుంటుందేమో అని భయపడుతూ మరీ చెప్పేడు.

పిన్ని బియ్యంలో రాళ్ళేరుకుంటోంది. తలెత్తలేదు.

"అలాగా," అంది. "మినప్పప్పు అయిపోవచ్చింది. సంతకెళ్ళినప్పుడు గుర్తుంచుకో."

అప్పట్నించీ గౌరీశంకరానికి మనసు మనసులో లేదు. బతికున్న మనిషికి పిండాలు పెడుతున్నాడా తను? పురోహితుడైన అవధానిగారిని అడిగేడు.

"ఒకవేళ బతికుండి తిరిగొస్తేనో?"

"రాకూడదు నాయనా. కర్మ అయిపోయిన మనిషికి ఆ గడప లేదు. రానిచ్చేరా, ఇంటిల్లిపాదినీ వెలేస్తుంది అగ్రహారం."

ఇవాళ తేల్చెయ్యాలనుకున్నాడు. ఈ పంతులుకి బాబాయి సంగతి తెలుసు. ఆ గుట్టు పట్టుకునే పిన్నిని గుప్పిట్లో పెట్టుకున్నాడు. అదే అయ్యుండాలి.

"మీ గోత్రం?" అన్నాడు.

గడ్డప్పంతులు నోరు తెరిచేలోగా లోపల్నించి పిన్ని గొంతొచ్చింది.

"భారద్వాజస అని చెప్పేరుగా పోయినేడే! పొయ్యి మీద పాయసం మాడిపోతోంది. ఆ పరీక్షలేవో బళ్ళో పెట్టుకో."

భోజనాలప్పుడు గౌరీశంకరం వడ్డిస్తూ కళ్ళప్పగించి చూసేడు. పంతులు తలొంచుకుని తిన్నాడు. ఒక్కటీ అడగలేదు.

"ఇంకో గారె వెయ్యి," అంది పిన్ని తలుపు చాటునుంచి.

"వద్దంటున్నారు పిన్నీ."

"అనేవాళ్ళు అంటారు. నువ్వెయ్యి."

కార్యం అయింది. అవధానిగారూ, రెండో భోక్తా వెళ్ళిపోయేరు. గడ్డప్పంతులు కండువా దులిపి కాలవ గట్టు పట్టేడు. గౌరీశంకరం మడిబట్టతోనే వెంటపడి, లాకుల దగ్గర అడ్డంగా నిలబడ్డాడు.

"మా బాబాయి ఎక్కడున్నాడో మీకు తెలుసు."

పంతులు కండువా భుజం మార్చుకున్నాడు.

"తెలిస్తే?"

"తీసుకొస్తాను."

"తీసుకొచ్చి ఎక్కడ కూర్చోబెడతావు?"

గౌరీశంకరం దారి వదల్లేదు.

"ఎండలో నిలబడకు బాబూ. ఇంటికెళ్ళు. మీ పిన్ని ఇంకా భోంచెయ్యలేదు."

"ఆవిడ తింటే మీకేం, తినకపోతే మీకేం!"

పంతులు ఆ మాటకి కోపం తెచ్చుకోలేదు. పక్కకి తప్పుకుని, రేవువైపు నడిచిపోయేడు.

గౌరీశంకరం పళ్ళు నూరుకుంటూ వెనక్కొచ్చేడు. ఇవాళ పిన్నినే నిలదీస్తాడు. పరువు పోతే పోయింది. దొడ్డిదారిన వస్తూ, అరిటిచెట్ల పక్క గొయ్యి దగ్గర ఆగేడు. తద్దినం నాడు భోక్తలు తిన్న ఆకులు ఎవరూ ముట్టకూడదు, కుక్క కూడా మూతి పెట్టకూడదు. గోతిలో వేసి కప్పెట్టెయ్యాలి. ఆ పని ఏటా పిన్ని తనే చేస్తుంది, ఇంకెవర్నీ చెయ్యనివ్వదు.

గోతిలో ఒక్క ఆకే ఉంది.

వెళ్ళి వంటింటి తలుపు తోసేడు.

గడ్డప్పంతులు తిని లేచిన అరిటాకు ముందు, మొగుడి తరవాత మొగుడి ఆకులోనే తినే ఇల్లాలిలా సర్దుకుని కూర్చుని, పిన్ని అన్నం కలుపుకుంటోంది.