సాపు ప్రతి

ఇన్‌స్పెక్టరు అచ్చాఫీసులో దొరికిన కాగితాలు బల్లమీద పరిచాడు. "'దొరలూ, ఇల్లు మాది, ఖాళీ చేయండి.' సంపాదకీయంలో ఈ ఆఖరి వాక్యం రాజద్రోహం. రాసిందెవరు?"

"నేనే," అన్నాడు సంపాదకుడు. పొద్దున పేపరు చూసినప్పటి నుంచీ ఆయన కాలుగాలిన పిల్లిలా గదంతా తిరుగుతూనే ఉన్నాడు.

"ఏదీ, ఇక్కడో ముక్క రాయండి."

రాశాడు. అన్నీ కోడిగీతలే. బల్లమీది కాగితాల్లోవేమో ముత్యాల్లాంటి అక్షరాలు. కంపోజిటరు తిట్టుకోకుండా రోజూ ఆయన రాతను సాపు రాసిచ్చేది భార్యే.

ఇన్‌స్పెక్టరు ఆవిడ వైపు తిరిగాడు.

"నా బదులు నువ్వు జైలుకెళ్తావా? నేనొప్పుకోను!" అని అరిచాడు సంపాదకుడు.

ఆవిడ తాపీగా చెప్పులు తొడుక్కుంది.

"మీ బదులు నేనెందుకెళ్తానండీ? మీరు రాసింది మరీ చప్పగా ఉంటే, ఆఖరి వాక్యం నేనే చేర్చాను."