పొర నిలవలేదు

“ఇరవైల పంతొమ్మిది సచ్చినయ్ సార్,” అంది స్వర్ణ. స్క్రీన్ మీద ఇరవయ్యో సెల్లు గీత కూడా కిందికి జారుతోంది.

మహబూబ్‌నగర్ శివార్లలోని ఆ బ్యాటరీ ల్యాబ్‌కు విజేందరే పెద్ద. “పోయినేడు నువ్వు చేసిన సెల్లులు ఐదొందల సార్లు చార్జింగ్ ఎక్కి దిగినా మంచిగున్నయ్. గదే సిలికాన్, గదే మందు. ఇప్పుడు నూరు దాటుతలేవు. ఎట్లనమ్మా?”

“తెల్వదు సార్.”

నిజంగానే తెలియదు. చార్జింగ్ ఎక్కితే సిలికాన్ ఉబ్బుతుంది, దిగితే కుంచించుకుపోతుంది. ఉబ్బినప్పుడల్లా దాని మీది పల్చటి పొర పగులుతుంది. పగులు పూడాలంటే లోపలి లిథియం ఖర్చవుతుంది. అట్లా ఖర్చయి ఖర్చయి సెల్లు చస్తుంది. ఆ పొరను నిలబెట్టే మందు దొరికిందని స్వర్ణ ఏడాదంతా మురిసిపోయింది. సొంతూరు కేతేపల్లి చర్చిలో తల్లి జానమ్మ లేచి ఇది దేవుడు చేసిన మేలని సాక్ష్యం కూడా చెప్పింది.

“అప్పుడు ఆదివారమొస్తే చాలు, కరెంటు పోయి పొద్దంత చార్జింగ్ మిషిన్ ఆగేది సార్. మిషిన్ల కరెంటు పోయినట్లే రికార్డయింది. ఇప్పుడు ఇన్వర్టర్ పెట్టినం, నిమిషం ఆగుతలేదు. ఇంకా మంచిగుండాలె గదా!”

“మూడుసార్లు చేసి చూపెట్టుమన్న. మూడుసార్లూ గింతే. అంకెలు నువ్వే అల్లినవని పైవాళ్లు అంటున్నరు.” విజేందర్ ఒక కాగితం ముందుకు తోశాడు. “సంతకం పెట్టి పో. కేసు కాకుండ నేను చూస్త.”

“నేను అబద్ధం రాయలే సార్!”

“అయితే గా సెల్లులు ఎందుకు బతికినయో చెప్పు.”

స్వర్ణ కాగితం దగ్గరికి లాక్కుంది. ‘అంకెలు నేనే కల్పించాను’ అన్న మాట కింద పేరు రాసింది. ఆరేళ్ల చదువు, నాలుగేళ్ల పని మట్టిపాలయ్యాయి. ఇక ఏ ల్యాబ్ గడపా ఎక్కనివ్వరు.

బస్టాండులో నల్లగొండ బస్సు కోసం నిలబడితే ఎవరో పిలిచారు.

“స్వర్ణమ్మా! మంచిగున్నవా బిడ్డా?”

ఇస్రాయేలు. పోయినేడాది దాకా ల్యాబ్‌లో వాచ్‌మన్‌గా ఉండేవాడు. ఆదివారం డ్యూటీ వదిలి చర్చికి పోతున్నాడని విజేందర్ తీసేశాడు. ఇప్పుడు బస్టాండు పక్కన స్కూటర్ల స్టాండు చూసుకుంటున్నాడు. స్వర్ణకు తల ఎత్తబుద్ధి కాలేదు. తను ప్రతి ఆదివారం కేతేపల్లి చర్చిలోనే ఉండేది, అయినా ఆ రోజు ఆయన తరఫున ఒక్క మాట అనలేదు.

“నిన్ను తీసేసిననాడు నేను నోరు తెరవలే కాకా. తప్పయింది.”

“పోనీ తియ్యి. నీ సెల్లులు ఎట్లున్నయ్?”

“అన్నీ సచ్చినయ్. నన్ను దొంగను చేసి పంపిండ్రు.”

“అయ్యో దేవా! పొర పగులుతది, మళ్ల కడతదని నువ్వే చెప్తివి గదా. నేను అప్పుడే అంటి, పుండు మీది పక్కు ఆరకముందే గీకుతే ఎట్ల మానుతదని.”

బస్సు వచ్చింది. స్వర్ణ మెట్టు మీద కాలు పెట్టింది.

“అప్పట్ల వారం వారం కరెంటు పోయినా బతికినయ్ కాకా. ఇప్పుడు పోకున్నా సస్తున్నయ్. నా రాత!”

ఇస్రాయేలు బిత్తరపోయి చూశాడు.

“కరెంటు ఏడ పోయింది బిడ్డా, ఆదివారం వాటికి సుత ఆరాం ఉండాలెనని నేనే మెయిన్ స్విచ్చి బందుపెట్టి చర్చికి పోతుంటి!”